ఏథెన్స్‌కి సర్దిన పెట్టె

సరళా,

ఇవాళ ఏథెన్స్ హోటల్ నుంచి ఫోన్ వచ్చింది. మన గది కిటికీలోంచి కొండ మీది పార్థినాన్ గుడి కనిపిస్తుందట. మ్యూజియం, పాత బజారు నడిచే దూరమేనట. నీ మోకాళ్ల కోసం ఆ కొండ మీదికి లిఫ్ట్ కూడా మాట్లాడి పెట్టారట. నువ్వు పోయావని చెప్పలేక థాంక్స్ చెప్పి పెట్టేశాను.

“డాడీ, నువ్వైనా వెళ్లు. అమ్మ ఎంత ప్లాన్ చేసిందో!” అంది మన స్వాతి.

నువ్వు సర్దిన పెట్టె తెరిచాను. బట్టల మధ్య చిన్న రైస్ కుక్కర్, దానిలో టవల్ చుట్టిన ఆవకాయ సీసా. “గ్రీసైనా సరే, రాత్రికి అన్నం లేనిదే మీకు నిద్ర పట్టదు” అన్నావు అది సర్దుతూ.

వండుకుందామని కుక్కర్ తీయబోయాను, చెయ్యి రాలేదు. పెట్టె మూసేశాను.

అక్కడ అన్నీ నడిచే దూరమేనట! ఇక్కడ ఫ్రిస్కోలోని మన ఇంట్లో నాకు వంటగది కూడా దూరమైపోయింది.