మూడో పాట, నెమ్మది వేగంలో

బఫెలో,
మార్చి 4, 1996

ప్రియమైన బావకి,

యావన్మంది పంక్ సంగీత ప్రజానీకానికి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: నలభై దాటిన గాయకులు ఇకపై వేదిక మీద చొక్కా విప్పరాదు. విప్పక తప్పనిచో పాట ముగిసేవరకు పొట్ట లోపలికి బిగబట్టవలెను. ఉల్లంఘించినవారి కొత్త రికార్డు నా పత్రికలో చెప్పుల ప్రకటన కింద సమీక్షింపబడును. ఇట్లు, సర్వాధికారి, నేనే.

నవ్వావా? మినియాపోలిస్‌లో కచేరీల మధ్య ఎవరింట్లోనో నేల మీద, వ్యాను కంపు కొట్టే దుప్పటి కప్పుకుని నవ్వే ఉంటావులే. ఇక అసలు సంగతి. ఈ నెల కొత్త రికార్డుల పెట్టె మార్గో రికార్డుల షాపులో విప్పాం. బోస్టన్ కుర్రాళ్లది అరుపుల హార్డ్‌కోర్, ఒక్కో పాట తుమ్మంత. కాలిఫోర్నియా వాళ్లది రాగాల పంక్, వింటే పళ్లు పుచ్చిపోతాయి. తర్వాత నీది. ఏ వేగంలో తిప్పాలో నువ్వు లేబుల్ మీద వేయలేదు. మనవాళ్లెవరు వేశారు గనక, వేస్తే పరువు తక్కువ! మార్గో నెమ్మది వేగంలో పెట్టేసింది.

"ఎవరి దినం ఇది?" అంది.

"మా బావది."

"అయ్యో, పోయాడా?"

"లేదు, ఇంకా పాడుతున్నాడు."

సరిగ్గా అప్పుడే మా అక్క వచ్చింది, నాకు పియెరోగి కుడుముల డబ్బా ఇచ్చిపోదామని. మామూలుగా నీ పాటలో ఒక్క ముక్క అర్థమై చావదు కదా. నెమ్మదిగా తిరిగేసరికి ప్రతి మాటా విడివిడిగా వినపడింది. మూడో పాట దగ్గర డబ్బా కౌంటర్ మీద పెట్టి నిలబడిపోయింది. మొహంలో నెత్తురు లేదు. "ఏంటే అక్కా?" అన్నాను. కోటు బొత్తాలు ఒకదానిది ఇంకోదానికి పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ పాటలో ఏం రాశావో నీకు తెలుసు, ఇప్పుడు దానికీ తెలుసు. బాగా పాడు బావా, బాగా నిద్రపో.

నీ ముద్దుల బావమరిది,
స్టాష్


మినియాపోలిస్,
మార్చి 9

ఒరేయ్ స్టాష్,

నీ ఉత్తరం మంచులో నిలబడి చదివాను. అక్కడి నుంచి పెట్రోలు బంకు ఫోను దాకా పరుగే. నీ నోటికి జన్మలో భయపడలేదు గానీ ఈసారి నీకు దణ్ణం పెట్టాలిరా. గొంతులో ముల్లు పెట్టుకుని బతికాను ఇన్నాళ్లూ. మూడో పాట డెనీస్ గురించే. ఈరీ ఊళ్లో మన బ్యాండు వాయించినప్పుడు తలుపు దగ్గర టికెట్లు చింపేది చూడు, ఆ అమ్మాయి. ఎవరికీ అర్థం కాదనే పాడాను. అలా అరిచేస్తే చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుంది.

మీ అక్క లొరేన్ ఫోను ఎత్తగానే ఏడ్చేశాను. "నువ్వు విన్నావని తెలిసింది, అంతా నిజమే" అన్నాను. ఊరు, పేరు అన్నీ చెప్పాను. చివరికి "ఇంకేమైనా ఉందా?" అంది. ఉన్నది కూడా చెప్పేశాను. డెనీస్‌కి పాప ఉందని, నా పాపేనని. అన్నీ తెలిసి కూడా ఇన్ని రోజులు నన్ను పల్లెత్తు మాట అనలేదురా, దేవత! కచేరీ ముగించుకుని వచ్చేస్తున్నాను. అప్పటిదాకా తనని నువ్వే చూసుకోవాలి.

నీ బావ,
డెల్


బఫెలో,
మార్చి 13

ప్రియమైన బావా,

అక్క నా వంటింట్లో ఉంది. రెండు పెట్టెలు తెచ్చుకుంది. రాగానే అడిగింది:

"ఒరేయ్, నేను విన్నానంటాడేంట్రా? ఎక్కడ విన్నాను?"

"ఏమో అక్కా, తాగి ఉంటాడు."

"ఆ పాట పెట్టు."

నెమ్మదిగా పెట్టాను. బురదలో దిగబడ్డ ఎద్దు అరిచినట్టుంది. అసలు వేగంలో పెట్టాను. మిక్సీలో మేకులు వేసినట్టుంది.

"ఇందులో ఆడమనిషి ఎక్కడుందిరా?" అంది. "పిల్లలుంటే వ్యానెలా ఎక్కుతానన్నాడు. సరేలెమ్మన్నాను. నాకిప్పుడు నలభై నాలుగు. వాడికి పాపట!" అని నవ్వింది. ఆ నవ్వు వినలేక కుళాయి తిప్పేశాను.

నువ్వు ఇక్కడికి రాకు. మీ ఇంటి తాళం మార్చాం. మార్చింది నేనే, అక్క టార్చి పట్టుకుంది. నా పత్రికలో నీ రికార్డు గురించి బాగానే రాశాను, డ్రమ్ములు మాత్రం దరిద్రంగా ఉన్నాయని రాశాను. నా డ్రమ్ముల స్టూలు మీద, నాతో ఒక్క మాట చెప్పకుండా, మీసం మొలవని వాణ్ణి కూర్చోబెట్టావు. అంతే బావా నా కడుపుమంట. రెండు రోజులు నీకు నిద్ర పట్టకూడదనుకున్నాను. నీ దగ్గర ఇంత పెద్దది దాగి ఉందని నేనేం కలగన్నానా? మహా అయితే ఆ పాటలో నన్ను తిట్టి ఉంటావనుకున్నాను.

అక్కకి నేను చెప్పలేదు, చెప్పను కూడా. నువ్వు చెప్పుకో, నీ మాట ఇప్పుడెవరు నమ్ముతారు? సాయంత్రం పూట నా చెయ్యి పట్టుకుని "నాకు నువ్వొక్కడివే మిగిలావురా" అంటోంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేక కూర్చుంటున్నాను.

మార్గో తప్పు వేగంలో పెట్టడం నిజం. దినం అనడం నిజం. అక్క మాత్రం ఆ షాపు గడప జన్మలో తొక్కలేదు బావా. అది నేను పుట్టించింది.

స్టాష్