అమ్మ పేరు మీద వేడి

డిసెంబరు 1, సోమవారం

పంజాగుట్ట ఆసుపత్రి. రెండోసారి చేసిన రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. నాకు ఇరవై తొమ్మిది, నా అండాశయాలకు యాభై. ముందే వచ్చిన మెనోపాజ్! చదువులో ఎప్పుడూ ముందే ఉండేదాన్ని. ఇందులోనూ డబుల్ ప్రమోషన్.

డాక్టర్ గారు హార్మోన్ మాత్రలు రాశారు. ఎముకలకూ గుండెకూ అవసరమట.

"ఇంట్లో చెప్పారా?"

"చెప్తాను మేడమ్."

చెప్పను. అమ్మ నాకు పుట్టబోయే పిల్లలకు పేర్లు కూడా పెట్టేసింది. నలుగురికి. అన్నీ బైబిలు పాత నిబంధనలోంచే.

నిర్ణయం: మాత్రలు వద్దు. ప్రకృతితో గెలుస్తాను! అవిసె గింజలు, సోయా పాలు, ప్రాణాయామం. కాఫీ బంద్. క్రిస్మస్‌కల్లా ఈ వేడి ఆవిర్లు తగ్గి చల్లబడతాను. ఇక అమ్మకు చెప్పాల్సిన పనే ఉండదు.

డిసెంబరు 2

మెడికల్ షాపు. సురేందర్ అన్నీ సంచిలో వేస్తూ అడిగాడు.

"గివన్నీ ఎవలికక్కా?"

"అమ్మకి. ఒంట్లో వేడి."

నోటికి అదే వచ్చింది.

"అమ్మకు వేడి మస్తు చేస్తుందా? ఫికర్ చెయ్యకు. జర మజ్జిగ సుత తాగమను."

ఎంత సుఖంగా ఉందో! ఇకనుంచి అన్నీ అమ్మ పేరు మీదే.

డిసెంబరు 4

అద్భుతమైన రోజు. ప్రాణాయామం, డాబా మీద, హాస్టల్ అమ్మాయిల తడి బట్టల మధ్య. (అమీర్‌పేటలో అమ్మ నడిపే హాస్టల్ పైనే మా ఇల్లు.) నాలుక గొట్టంలా చుట్టి గాలి పీల్చాలి. ఒకమ్మాయి చూసి, నమస్తే పెట్టి, మెట్ల మీదే వెనక్కి తిరిగింది.

అమ్మ సోయా పాలు వాసన చూసింది.

"ఈ సున్నం నీళ్ళేంటే?"

"ఎముకలకి మంచిదమ్మా."

"ఎముకలకి ఎముకలే మంచివి. పాయా చేస్తానుండు."

డిసెంబరు 8

ఆఫీసులో ఏసీ కిందే వేడి ముంచుకొచ్చింది. దిద్దుతున్న పాఠ్యపుస్తకం ప్రూఫు మీద టపటపా చెమట. విషయం కూడా పదో తరగతి పునరుత్పత్తి పాఠం! మా కాన్వెంట్‌లో సిస్టర్ ఆ పేజీలకు పిన్నులు కొట్టి మూసేశారు. ఇప్పుడు చదువుకుంటున్నాను.

పక్క సీటు హైందవి: "జ్వరమా?"

"అమ్మకి బాలేదు."

"అమ్మకి బాలేకపోతే నీకెందుకే చెమట?"

నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయాను.

డిసెంబరు 10

కాఫీ వాసన మాత్రమే చూశాను. వాసన లెక్కలోకి రాదు.

తర్వాత కప్పు. చిన్న కప్పు.

డిసెంబరు 13

క్యారల్స్ రిహార్సల్లో పాస్టరమ్మ గారు నా తడి కాలరు చూశారు.

"ఏమ్మా ఒలీవియా, అలా ఉన్నావు?"

"అమ్మకండీ... ఆ వయసు కదా... వేడి..."

"అర్థమైందమ్మా. ప్రార్థనలో పెడతాను."

"వద్దండీ" అన్నాను. లోపల.

డిసెంబరు 14, ఆదివారం

పెట్టారు. మైకులో!

"మన సహోదరి యేసుమణి గారు శరీరమందు వేడితోను, చెమటలతోను, చిరాకుతోను బాధపడుచున్నారు. ప్రభువా, చల్లార్చుము!"

సంఘమంతా ఆమేన్. ముందు వరసలో అమ్మ కళ్ళు తెరుచుకున్నాయి. నెలసరి ఆగి రెండేళ్ళయినా ఒక్క చుక్క చెమట పట్టలేదని గర్వంగా చెప్పుకునే మనిషి. జీవితంలో సెలైన్ ఎక్కించుకోలేదు.

సత్యరాజు అంకుల్ లేచి, స్టాండు ఫ్యాను తెచ్చి, సరిగ్గా అమ్మకు గురిపెట్టారు. ఆరాధన అయ్యేదాకా అమ్మ శాలువాలో వణికింది. నేను వెనక వరసలో ఉడికిపోయాను. ఆ గాలి నాదాకా రాలేదు.

ఇంటికొచ్చాక: "నా వేడి సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు! ఏ మహాతల్లి చెప్పిందో, దొరకనీ!"

మహాతల్లి తలవంచుకుని బిర్యానీ తింది. రెండుసార్లు.

డిసెంబరు 16

కాఫీలు నాలుగు. మిరపకాయ బజ్జీలు, లెక్కపెట్టలేదు. డాబా ఎక్కలేదు, చలి. (నాకు చలి లేదు. సూత్రప్రాయంగా.)

అవిసె గింజలు పావురాలకు వేశాను. వాటికేం చెమటలు పడుతున్నట్టు లేదు. పనిచేస్తున్నాయన్నమాట.

డిసెంబరు 18

అమ్మ తలనొప్పి మాత్రకని మెడికల్ షాపుకు వెళ్ళింది.

"అమ్మా, వేడి తగ్గిందా? మీ బిడ్డ మీ కోసం మస్తు తిరుగుతుంది" అన్నాడట సురేందర్.

వచ్చి గుమ్మంలో నిలబడింది. ఫ్యాను ఐదు మీద ఉంది. నేను దాని కింద నేల మీద ఉన్నాను. నా మెడ మీద చెయ్యి వేసింది. చెయ్యి తడిసింది.

"ఎన్నాళ్ళ నుంచే?"

నేను మొదలుపెట్టాను, ఇంగ్లీషులో. పెద్ద పెద్ద మాటలు.

"తెలుగులో ఏడువు."

"అంతా ఆగిపోయిందమ్మా. పిల్లలు పుట్టడం కష్టమట."

కింద కుక్కర్ కూస్తూనే ఉంది. అమ్మ లేవలేదు. ముప్పై మంది అన్నం మాడిన వాసన మెట్లెక్కి వచ్చింది. అప్పుడూ లేవలేదు. నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కొంగుతో నా మెడ తుడుస్తూ: "మందు వాడుతున్నావా?"

"లేదు. అవిసె గింజలు..."

"గింజలా? కోడివా నువ్వు?"

డిసెంబరు 19

మళ్ళీ పంజాగుట్ట. ఈసారి ప్రశ్నలన్నీ అమ్మవే.

"హార్మోన్లంటే క్యాన్సరంటారు కదండీ?"

"మీ వయసువాళ్ళ లెక్క వేరమ్మా. ఈ అమ్మాయి ఒంట్లో ఇంకా ఇరవయ్యేళ్ళు ఉండాల్సినదాన్నే మనం తిరిగిస్తున్నాం" అన్నారు డాక్టర్ గారు. నడక, ఎండ, మంచి తిండి కూడా కావాలట. మాత్రకు బదులు కాదు, మాత్రతో పాటు.

"మరి పిల్లలూ?" అమ్మ గొంతు అక్కడొక్కచోటే తగ్గింది.

"కష్టం. అసలే లేదని నేననను. ఉన్న దారులన్నీ మాట్లాడుకుందాం, తొందరేం లేదు."

అమ్మ తలూపింది. బయటికొచ్చాక కళ్ళద్దాలు తుడుచుకుంది. దుమ్మట.

డిసెంబరు 21, ఆదివారం

చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయం. అమ్మ లేచింది. అమ్మ కడుపులో మాట దాగదు.

మైకు తీసుకుంది.

"సంఘానికి వందనాలు. నాకొచ్చిన వేడి కోసం అందరూ ప్రార్థించారు. చాలా తగ్గింది. ఇంకా కొంచెం ఉంది, మానకండి."

సత్యరాజు అంకుల్ ఫ్యాను కోసం లేచారు. అమ్మ శాలువా బిగించి కూర్చుంది.

బయటికొచ్చాక: "చర్చిలో అబద్ధమమ్మా!"

"నోర్ముయ్యి. ప్రార్థన వృథా పోనిస్తామా?"

డిసెంబరు 22, సోమవారం

మళ్ళీ మొదలు! మాత్ర వేసుకున్నాను. అమ్మ నా నోరు తెరిపించి, టార్చి వేసి చూసింది.

పొద్దున్నే నడక. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా అనుకున్నాం. దోసె బండి దాకా నడిచాం. నెయ్యి దోసెలు, రెండు. తర్వాత కాఫీ.

రేపటి నుంచి గట్టిగా నడవాలి. వేరే సందులోంచి వెళ్దామంది అమ్మ. సరే అన్నాను. ఆ సందులో ఇడ్లీ బండి ఉందని ఇద్దరికీ తెలుసు.