చెమట పట్టని ఒళ్లు

నాన్నా, డ్యూటీకి వెళ్తన్నాను. గంజి పొయ్యి మీదుంది, తాగు. ఈరోజు ఆ ఒళ్లు కాచే ఇన్‌ఫ్రారెడ్ సానా పెట్టెలో కూకోకు. ఇకమీదట కూకుంటే పావుగంటే, అదీ రెండు గ్లాసుల నీళ్లు తాగి, నేనింట్లో ఉన్నప్పుడే. పెట్టె తలుపు గడియ ఊడదీసి నా సంచీలో వేసుకున్నాను, తలుపు మూతపడదు, ఎతకొద్దు.

మోకాళ్ల నొప్పి తగ్గింది, నిద్ర పడతంది అన్నావని అమ్మెయ్యకుండా ఊరుకున్నాను. కొనిచ్చింది కూడా నేనే కదా. నిన్న నలభై నిమిషాలు కూకుని బయటికొచ్చి, "సూడు, చెమట చుక్క లేదు! ముప్పై ఏళ్లు వర్క్‌షాపు కొలిమి కాడ నిలబడిన ఒళ్లిది" అని నవ్వినావు. నాకు నవ్వు రాలేదు. ఎండదెబ్బ తగిలి మా వార్డుకి మోసుకొచ్చే రోగుల ఒళ్లు కూడా అలాగే పొడిగా, నిప్పులా కాలతాది. ఎదురున్న మనిషిని పోల్చుకోలేకపోయినా ఆళ్లు కూడా మాకేటీ కాలేదనే అంటారు.

పదకొండింటికి సిరిల్ బాబాయి ఖరిదా నుంచి వచ్చి తలుపు కొడతాడు. ఒక్క పిలుపుకే పలుకు.

తబిత

నిన్న అలా నవ్వి, నన్ను సూసన్నా అని పిలిచినావు. అమ్మ పోయి ఆరేళ్లయింది నాన్నా.