జీపుకు నువ్వు పెట్టిన మెట్టు

అన్నా,

నువ్వు పోయి నేటికి సంవత్సరం. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేను. నీ జీపు మెట్టు కోసేసినారు.

మిలిటరీ వాళ్లు అమ్మేసిన జీపులకు మనం సొంతంగా తగిలించుకున్నవన్నీ తీసెయ్యాలంట. లేకుంటే రోడ్డెక్కనియ్యరంట. కొత్త రూలు. నిన్న కర్నూల్లో బ్రేకు ఇన్‌స్పెక్టరు బండ్లు చూస్తాడంటే మన డ్రైవరు మస్తాను జీపు కడిగినాడు. నేనేమో, నా అవిటికాలి కోసం నువ్వు గడ్డపార ముక్క వంచి వెల్డింగు పెట్టించిన ఆ మెట్టుకు, దసరాకు చేసినట్టు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టి పంపిస్తి. నాకేం బుద్ధి పుట్టిందో!

ఇన్‌స్పెక్టరు కన్ను నేరుగా దానిమీదనే పడిందంట.

"ఇదేందప్పా, జానెడు బయటికొచ్చిండాది? ఎవరికన్నా తగిలితే?"

తగిలేదానికి మన ఓర్వకల్లు రోడ్డుమీద మనిషి యాడుండాడు?

"మా యజమాని చెల్లెలు దీనిమీదనే ఎక్కుతాది సార్" అని మస్తాను శానా బతిమాలినాడంట. ఆయన దగ్గరుండి కోయించి, కాగితం మీద సంతకం పెట్టినాడంట.

మస్తాను ఆ ముక్కను గోనెసంచిలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టినాడు. పసుపు అట్లే ఉండాది.

ఈ పొద్దు నీ సమాధికాడికి బయలుదేరినాం. "ఎక్కు తల్లీ" అన్నాడు మస్తాను. అంతా తెలిసి గూడ, అలవాటు కొద్దీ కాలు పెట్టినా.

కాలి కింద ఏమీ లేదన్నా.