తలా తోకా కలిసిన చోట

సెప్టెంబరు 9
ఓ మనిషీ, కంటికి కనబడనిది నీ ఇల్లు కూలుస్తుంటే ఏ వాక్యం ఎత్తుతావు? పాస్టరుగా ఊరందర్నీ అడిగేవాణ్ణి, ఇవాళ నన్ను నేనే అడుగుతున్నాను. మా ఆవిడను వార్డులో చేర్చాను. డెంగీ. బైబిలు గ్రంథం తలగడ పక్కన పెడితే నర్సు తీసి కిటికీలో పెట్టింది, సెలైన్ గొట్టానికి అడ్డమట. ప్రభువా, ఐగుప్తు రాజు ఫరో ఇంటి మీదికి ఈగల్ని పంపినవాడా, నా ఇంట్లో దూరిన దోమ నీకు కనబడలేదా?

సెప్టెంబరు 10
మరదలు ల్యాబ్ నుంచి తిన్నగా వచ్చింది. ఆమె పని ఈ వైరస్ మీదే. కట్టుగుడ్డ ముక్క చాచి చూపించింది. వైరస్ లోపల ఉన్నది ఒక్క ఆర్ఎన్ఏ దారమట. చాచుకుని ఉన్నప్పుడు మన కణం చేత ప్రోటీన్లు చేయిస్తుందట. తర్వాత వంగుతుంది. తల దగ్గరి మడత మీద నకలు తీసే ఎంజైము వాలుతుంది, కానీ నకలు మొదలయ్యేది తోక దగ్గర. రెండు కొసలూ కలిస్తేనే అటు చేరుతుంది. మీ ప్రసంగమైతే తలా తోకా లేకపోయినా నడుస్తుంది బావా, దీనికి నడవదు అంది. అంత జ్వరంలోనూ మా ఆవిడ నవ్వింది.

ఆ దారం తోకలో నాలుగు ఆర్ఎన్ఏ అక్షరాలు మారిస్తే కొసలు కలవవట, నకళ్లు ఆగిపోతాయట. అయితే మీ అక్కకు వెయ్యి ఆ మందు అన్నాను. అది మందు కాదు బావా, మేం పళ్లెంలో చేసుకున్న వేరే వైరస్, అక్క ఒంట్లో ఉన్నదాన్ని మార్చడం మాకింకా చేతకాదు అంది. తాళం ఎక్కడుందో తెలుసు. తాళంచెవి ఎవరి దగ్గరా లేదు.

సెప్టెంబరు 11
ప్లేట్‌లెట్స్ మళ్లీ పడ్డాయి. కీర్తన నోటికి రాలేదు.

సెప్టెంబరు 12
జ్వరం దిగింది! వార్డు మధ్యలో నిలబడి, దేవుడు స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పాను. పక్క మంచాలవాళ్ల చేత కూడా చప్పట్లు కొట్టించాను. డాక్టర్ పరుగున వచ్చాడు. పెద్దాయనా, ముందు అవి ఆపించండి, ఈ జబ్బులో జ్వరం దిగాకే అసలు గండం అన్నాడు.

సాయంత్రం
బీపీ అందడం లేదు. ఐసీయూకి మార్చారు. నేను కొట్టించిన చప్పట్లు చెవుల్లోంచి పోవడం లేదు.

సెప్టెంబరు 13
పోయింది.

సెప్టెంబరు 14
సమాధి దగ్గర్నుంచి మందిరానికి వచ్చాం. వెనక బాప్తిస్మం తొట్టి. ఎన్నడో నింపి, ప్రార్థించిన నీళ్లంటూ ఎవర్నీ ముట్టనివ్వలేదు నేను. మరదలు వంగి చూసింది. బావా, ఇలా రా అంది. నీళ్ల నిండా మెలికలు తిరుగుతూ దోమపిల్లలు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 15, ఉదయం
సంఘాన్ని పిలిచి చెప్పాను: ఇవాళ ప్రసంగం లేదు. బాప్తిస్మం ఆగుతుంది, ఇది ఆగదు. బకెట్లు పట్టుకు రండి. ముందు నా తొట్టి, తర్వాత మీ డ్రమ్ములు, మీ కుండీలు. ఆదివారం దాకా కాదు. ఇవాళే. లేవండి.