ఆ వీడియో ఎంత దూరం పోయిందంటే

ఇబ్రహీంపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు,

నీ బిడ్డ నర్మద దండాలు. ఇక్కడ నేనూ బాపమ్మా బాగానే ఉన్నాం. భీవండిలో నువ్వూ మామ వాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. బాపమ్మ మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది. దవాఖానకు పోదామంటే మాత్రం, "నేను సచ్చినంక తీస్కపో" అంటోంది. వంటింటి మీద కారే రేకు మార్పించాను. బాపు చొక్కాలు ఎవరికీ ఇవ్వలేదు. అవి నువ్వు వచ్చాకే.

ఉత్తరం చివర చిన్న అక్షరాలతో, "గా వీడియో ఇంకా చూస్తున్నరా బిడ్డా?" అని రాశావు. దానికి జవాబు పొడుగు.

బాపు శవం మీద పడి నువ్వు పెట్టిన శోకానికి, పెళ్లిళ్ల వీడియోలు తీసే ధర్మేందర్ డీజే పాట కలిపి, నవ్వే బొమ్మలు అతికించి తన ఛానల్లో వదిలాడు. పెళ్లి బరాత్‌లలో దానికి చిందులేశారు. నువ్వు సంతకు పోతే పిల్లలు నీలాగే గొంతు తీసి, "నన్నిడిసి ఎట్ల పోతివి" అని వెక్కిరించారు. ఆ వారమే నువ్వు ఫోను మూలకు విసిరి, ఇంక ముట్టనని భీవండికి వెళ్లిపోయావు. నిన్ను ఇంటికి తెచ్చుకోవాలి, నాకు కావలసింది అంతే అని అందరితో అంటాను. అది సగమే నిజం.

మన్నెగూడలో కంప్యూటర్ పని దొరికిందని రాశాను కదా. అది ధర్మేందర్ ఆఫీసే. కోప్పడకుండా చివరిదాకా చదువు.

వాడు నన్ను గుర్తుపట్టాడు. "సిద్దన్న బిడ్డవు గదా? గా ముచ్చట మనసుల పెట్టుకోకు చెల్లె. మీ అమ్మ ఫేమస్ అయింది గదా!" అని నవ్వాడు. నేను తల దించుకుని కూర్చున్నాను. సిస్టర్ల బడిలో అలవాటైన మౌనం ఎదుటివాళ్లకు మంచితనంలా కనిపిస్తుంది.

వాడే నాకు పని నేర్పాడు. "మొదటి మూడు సెకండ్లల్ల ఫోన్ మీద సూసేటోని ఏలు ఆగాలె. ఆగకపోతే నీ వీడియో సచ్చినట్టే. జనం ఏడ్పుకు ఆగినట్టు దేనికీ ఆగరు" అనేవాడు. పేరు ఎలా పెట్టాలో, ఏ పూట వదలాలో, ముందు ఎవరికి పంపితే వాళ్లు నలుగురికి పంపుతారో అన్నీ శ్రద్ధగా నేర్చుకున్నాను.

పాత వీడియోలు తీసేసి కంప్యూటర్లో జాగా చేయమన్నాడొకరోజు. వాటిలో బాపు చావు ఉంది, కత్తిరించక ముందుది. మస్కట్‌లో సెలవు దొరకని పరశురాం చిన్నాయన అన్నను ఆఖరిసారి ఫోనులోనైనా చూస్తానన్నాడని, నువ్వే ధర్మేందర్‌ను పిలిచి తీయమన్నావు. నువ్వు ఏడ్చి ఏడ్చి ఒరిగిపోయావు. అప్పుడు వాడి గొంతు వినబడింది. "అక్కా, జర మళ్లొకసారి ఏడ్వు. సౌండ్ రాలే."

చిన్నాయనకు వినబడదేమోనని నువ్వు లేచి, కొంగు సర్దుకుని, మళ్లీ మొదటినుంచి ఏడ్చావు. వాడు పక్కవాడితో, "ఇది లక్షలల్ల పోతదిరా" అని కిసుక్కున నవ్వాడు.

ఆ ముక్కనే తీసుకున్నాను. పాట కలపలేదు, బొమ్మలు అతికించలేదు. వాడి మాటతో మొదలుపెట్టాను. 'మీ ఇంటి చావును ఎవరు తీస్తున్నారు?' అని పేరు పెట్టాను. గల్ఫ్ వాళ్లకు సెలవని, మూడు వారాల కింద ఒక శుక్రవారం పొద్దున నా ఫోనులోంచి వదిలి, ముందు చిన్నాయనకు పంపాను. ఆయన తన రూము వాళ్లకు పంపాడు. అయినవాళ్ల చావును ఫోనులో చూసినవాళ్లు అక్కడ ఎందరో. మస్కట్, దుబాయ్, బహ్రెయిన్ తిరిగి సాయంత్రానికి అది మన బస్టాండుకు చేరింది. మొదటిదాన్ని మించి పోయింది.

ఇప్పుడు ధర్మేందర్‌ను పెళ్లిళ్లకు పిలవడం లేదు. ఆటో లాల్ మహమ్మద్ చాచా నడిరోడ్డు మీద, "ఏం ధర్మేందర్, ఇయ్యాల ఎవరి సావుకు పోతున్నవ్?" అని అరిచాడట.

నిన్న వాడు మన ఇంటికి వచ్చాడు. "తప్పయింది చెల్లె. తీసెయ్. మా అమ్మ బయటికి ఎల్తలేదు" అన్నాడు.

"మా కోడలు ఏడున్నదో ఎరుకేనా నీకు?" అంది బాపమ్మ.

నేను ఫోను వాడి ముఖానికి ఎదురుగా పట్టుకుని, "జర మళ్లొకసారి చెప్పన్నా. సౌండ్ రాలే" అన్నాను.

చెప్పాడు. కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ మొదటినుంచి చెప్పాడు. నాకెంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుపడటం లేదు.

ఇంకొకటి ఉంది. ఇంతసేపూ దాన్ని వెనక్కి నెడుతూ వచ్చాను. ఆ వీడియోలో నీ ముఖం కనబడకుండా నలుపు పూశాను గానీ నీ గొంతు తీయలేదు. నీ ఏడుపు లేకపోతే ఎవరి వేలూ ఆగదని నాకు తెలుసు. వాడు నేర్పిందే. నిన్ను అడగకుండా లక్షలమందికి నీ ఏడుపు మళ్లీ వినిపించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. వీడియో కింద తమ ఇళ్లలో పోయినవాళ్ల పేర్లు రాసుకున్నారు. అయినా అడగకపోవడం అడగకపోవడమే. దానికి నువ్వు కొట్టినా పడతాను.

గడప దిగుతూ ధర్మేందర్, "మీ అమ్మ తియ్యమంటే తీస్తవు గదా?" అన్నాడు.

నువ్వంటే తీస్తాను. అనకమ్మా.

ఇట్లు,
నీ మాట దాటలేని నీ బిడ్డ,
నర్మద