పెడల్ తొక్కే మనిషి

తమ్ముడూ,

కారు గేరు మారినప్పుడల్లా ఎగిరిపడుతోందనీ, నాన్న ఉన్నప్పుడు ఏం చేసేవాడో రాయమనీ అడిగావు.

ముందు, నువ్వు మురిసిపోతూ చూపించిన ఆ మందపాటి కొత్త కార్పెట్ తీసెయ్. యాక్సిలరేటర్ పెడల్ దానికే తగిలి ఆగిపోతుంటుంది. పాతదానికి నాన్న అక్కడ కంత కోశాడు. చిరుగనుకుని పారేసి ఉంటావు.

తర్వాత ఇంజన్ ఆపి, ఒకరు పెడల్‌ని నేలకి ఆనేదాకా తొక్కిపట్టాలి. ఇంకొకరు బానెట్ ఎత్తి, కార్బురేటర్ నుంచి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి వెళ్లే రాడ్ చూడాలి; గేరు ఎప్పుడు మారాలో చెప్పేది అదే. అదీ చివరిదాకా కదలాలి. కదలకపోతే నట్టు వదులుచేసి దాని పొడవు సరిచెయ్యాలి. చేత్తో లాగి చూసి సరిపోయిందనుకోకు.

నా పెళ్లయ్యేదాకా ఆ పెడల్ తొక్కింది నేనే. "ఇంకా తొక్కమ్మా, తిండి తినలేదా?" అని బానెట్ వెనకనుంచి అరిచేవాడు నాన్న. ఇంజన్ నడుస్తుండగా మాత్రం ఒక్కరోజూ నన్ను ఆ డ్రైవర్ సీట్లో కూర్చోనివ్వలేదు. ఆఖరికి "ఆడపిల్లకి కారెందుకు?" అని తాళాలు నీ చేతిలో పెట్టాడు. నువ్వూ జేబులో వేసుకున్నావు.

ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. తొక్కడానికి నన్నే పిలుస్తావని తెలుసు. వస్తాను. తాళాలు కారుకే ఉంచు. ఈసారి ఆ సీట్లోంచి దిగను.

అక్క